‘పీటర్, తోడేలు’ తెలుగులో చెప్పి వాయిద్దామా? విశాఖలో ఎవరైనా కలుస్తారా?

వాయులీనం (ఎంవీపీ కాలనీ) | జూన్ 2, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఎంవీపీ కాలనీలో మా ఇంట్లోనే పిల్లలకి వయొలిన్ నేర్పుతుంటాను. ఇప్పుడు పదకొండు మంది వస్తున్నారు. పోయిన నెల ఒకరోజు క్లాసయ్యాక రష్యన్ స్వరకర్త ప్రొకోఫియెవ్ రాసిన ‘పీటర్ అండ్ ద వుల్ఫ్’ వినిపించాను. ఒకరు కథ చెబుతుంటే ఒక్కో పాత్రకి ఒక్కో వాద్యం మోగే రచన అది. కథ చెప్పేది ఇంగ్లీషులో. పిల్లలంతా ఇంగ్లీషు మీడియం వాళ్లే, అర్థం కాకపోవడమంటూ లేదు. కానీ మాట వస్తున్నంతసేపూ పరీక్ష హాల్లో కూర్చున్నట్టు బిగుసుకుని విన్నారు. సంగీతం మొదలవగానే పక్కవాళ్లతో కబుర్లు.

రెండోసారి పెట్టినప్పుడు ఇంగ్లీషు మాట వచ్చిన చోటల్లా ఆపేసి నేనే తెలుగులో చెప్పాను. ‘తాతకి కోపం వచ్చేసింది’ అని బాసూన్ (లావు గొంతున్న పొడవాటి గాలివాద్యం) వినిపించానో లేదో, ఏడేళ్ల పిల్ల ఒకతి లేచి, నడుం మీద చెయ్యి వేసుకుని, వంగి వంగి గదంతా నడిచింది. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. ఆ వాద్యంలో తాత ఉన్నాడని ఆ పిల్లకి చెవితోనే తెలిసింది. ఆరోజు నుంచి నాకు ఇదే ధ్యాస.

తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. 1936లో మాస్కోలో పిల్లల థియేటర్ నడిపే నతాలియా సాట్స్ అడిగితే ప్రొకోఫియెవ్ రాసిన రచన ఇది. మొదట వేరొకరు పద్యాల్లో రాసిచ్చిన కథ ఆయనకి నచ్చలేదు. చివరికి కథ కూడా తనే వచనంలో రాసుకున్నారు. అదే ఏడాది మే 2న మొదటి ప్రదర్శన. పాతిక నిమిషాలు దాటుతుంది, అంతే. పిట్టకి ఫ్లూట్, బాతుకి ఓబో, పిల్లికి క్లారినెట్, తాతకి బాసూన్, తోడేలుకి మూడు ఫ్రెంచ్ హార్న్‌లు, పీటర్‌కి తీగ వాద్యాలన్నీ. వేటగాళ్ల తుపాకులు టింపనీ, బేస్ డ్రమ్ అనే పెద్ద డోళ్లు.

దీన్ని తెలుగు కథనంతో మన ఊళ్లో, మన పిల్లల ముందు, ఎదురుగా కూర్చుని వాయించాలని ఉంది. కథ చెప్పేవాళ్లు కావాలి. గాలివాద్యాల వాళ్లు కావాలి. ఎవరైనా కలుస్తారా?

హార్న్‌తాతయ్య (మల్కాపురం) | జూన్ 2, రాత్రి 10:25

అమ్మా, నేను నేవీ బేండులో పనిచేసి రిటైర్ అయ్యాను. ఫ్రెంచ్ హార్న్ నాది. ఇంట్లో ఒకటి ఉంది. రోజూ పొద్దున్న అరగంట వాయిస్తాను, లేకపోతే పెదవులు మాట వినవు.

డిసెంబరు 4 నేవీ డేకి ఆర్కే బీచ్‌లో వేలమంది మమ్మల్ని వినేవారు. కానీ ఎక్కడో దూరం నుంచి, యుద్ధనౌకల్నీ హెలికాప్టర్లనీ చూస్తూ. హార్న్ బెల్లులో, అంటే విచ్చుకున్న మూతిలో, కుడిచెయ్యి ఎందుకు పెడతామో దగ్గరికొచ్చి అడిగిన పిల్లాడు నా సర్వీసు మొత్తంలో ఇద్దరో ముగ్గురో. ఎఫ్ హార్న్ గొట్టాన్ని విప్పి సాగదీస్తే సుమారు 12 అడుగులు ఉంటుందని చెబితే వాళ్ల కళ్లు చూడాలి.

తోడేలుకి ఒక హార్న్ కాదు, మూడు ఎందుకంటే, ఒక్క హార్న్ మంచిది. చాలా మెత్తగా, దూరపు కొండలా వినిపిస్తుంది. మూడు కలిసి కింది స్థాయిలో, మైనర్‌లో, ఒకే అడుగు వేస్తే అప్పుడు దానికి పళ్లు వస్తాయి. ఆ మూడూ ఒకేసారి ఊపిరి తీసుకోవాలి. నేను వస్తాను. మిగతా ఇద్దరి కోసం పాతవాళ్లని అడుగుతాను.

పుస్తకాలపురుగు | జూన్ 3, ఉదయం 6:50

ఇది చదివి రాత్రి మా అటక ఎక్కాను. విశాలాంధ్రలో కొన్న సోవియట్ పిల్లల పుస్తకాలు ఇంకా ఉన్నాయి. మాస్కోలోనే తెలుగులోకి అనువదించి, అక్కడే అచ్చువేసి పంపేవారు. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి లాంటివాళ్లు అక్కడికెళ్లి ఆ పని చేశారు. మంచు చూడని మా తరం మంచులో తోడేలు అడుగుల్ని ఆ బొమ్మల్లో చూసింది. కాబట్టి రష్యా తాత, తోడేలు, పచ్చిక మైదానం విశాఖ పిల్లలకి కొత్త అని భయపడకండి. నాలుగు పదులు దాటిన అమ్మానాన్నల్ని అడిగితే చాలామందికి ఆ రంగులు గుర్తుంటాయి. ఇప్పుడు బీచ్‌లో మ్యూజియంగా నిలబడ్డ కుర్సురా సబ్‌మెరైన్ కూడా సోవియట్ దేశం నుంచి వచ్చిందే కదా.

ఒక సంగతి మాత్రం చెప్పాలి. ఈ రచన అడిగి రాయించుకున్న నతాలియా సాట్స్‌ని మరుసటి ఏడాది, 1937లో అరెస్టు చేశారు. అయిదేళ్లు శిబిరాల్లో గడిపింది. తిరిగొచ్చి మళ్లీ పిల్లల థియేటర్ పనే పట్టుకుంది. 1965లో మాస్కోలో పిల్లల కోసమే ఒక సంగీత థియేటర్ తెరిపించింది. కార్యక్రమంలో ఆవిడ పేరు తప్పకుండా చెప్పండి. ప్రొకోఫియెవ్ పేరు అందరూ చెబుతారు.

కథలబండి | జూన్ 3, మధ్యాహ్నం 1:15

నేను స్కూల్లో తెలుగు చెబుతాను, సెలవుల్లో కథలు చెబుతాను. కథ చెప్పడానికి నేను సిద్ధం. నిన్న రాత్రే ఒక ప్రతి రాసి రికార్డింగుతో కలిపి చదివి చూశాను. ఒక ఇబ్బంది ఎదురైంది. అక్కడ ఎలా దాటానో చెబుతాను, తప్పయితే సరిదిద్దండి.

మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. ‘అడవిలోంచి ఒక పెద్ద బూడిదరంగు తోడేలు బయటికి వచ్చింది’ అని చదివాను. ‘తోడేలు’ అన్న మాట దగ్గర పిల్లాడి గుండె ఆగాలి, అక్కడే హార్న్‌లు ఎత్తుకోవాలి. కానీ నేనింకా ‘బయటికి వచ్చింది’ అని సాగదీస్తున్నాను. ఆ రెండు మాటలు అయ్యేసరికి భయం చల్లారిపోయింది. హార్న్‌లు వచ్చాయి గానీ ఆలస్యంగా వచ్చిన బస్సులా ఉంది.

మా అమ్మమ్మ చెప్పే తీరు గుర్తు చేసుకున్నాను. ఆవిడ ఎప్పుడూ ‘రాక్షసుడు వచ్చాడు’ అనేది కాదు. ‘వచ్చాడమ్మా... వచ్చేశాడు... రాక్షసుడు’ అనేది. అంతే, తిరగేసి రాశాను.

‘అడవి అంచున ఏదో కదిలింది. అదిగో. బయటికొచ్చేసింది... తోడేలు.’

ఇప్పుడు చివరి మాటకీ హార్న్‌లకీ మధ్య సందు లేదు. అలాగే ప్రతి పాత్ర దగ్గరా పేరు చివరికి తోశాను. ‘చెరువుగట్టు మీద అటూ ఇటూ ఊగుతూ వస్తోంది ఎవరు? బాతు.’ ఓబో. ‘గడ్డిలో చప్పుడు లేకుండా పాకుతోంది... పిల్లి.’ క్లారినెట్. రాసేటప్పుడు ఇది తప్పు వాక్యంలా కనిపిస్తుంది, నోటితో చెబితే ఇదే మన భాష.

ఇంకొకటి. మొదటి ప్రతిలో కిచకిచలూ మ్యావులూ బోలెడు పెట్టాను. అన్నీ కొట్టేశాను. పిట్ట అరుపు ఫ్లూట్ పని. నేను ముందే అరిచేస్తే ఫ్లూట్‌కి ఏం మిగులుతుంది?

వాయులీనం (ఎంవీపీ కాలనీ) | జూన్ 3, మధ్యాహ్నం 2:02

కథలబండి గారూ, మీ పోస్టు మూడుసార్లు చదివాను. నేను ఆ పిల్లల ముందు తెలియకుండానే ‘కోపం వచ్చేసింది తాతకి’ అని కాకుండా ‘తాతకి కోపం వచ్చేసింది’ అన్నాను. అయినా పని చేసింది, ఎందుకంటే అక్కడ వినిపించేది తాత ఒక్కడే కాదు, ఆయన కోపం కూడా. బాసూన్ ఆ గొణుగుడు అలాగే ఉంటుంది. తోడేలు దగ్గర మాత్రం మీరన్నదే సరైనది. తోడేలు ఏం చేసిందన్నది తర్వాత సంగతి, ముందు అది తోడేలు.

గుమ్మెట (శ్రీకాకుళం వైపు) | జూన్ 3, రాత్రి 8:30

నమస్కారం అమ్మా. మా తాత బుర్రకథ సెప్పీవోరు. నాను చిన్నప్పుడు ఆయన పక్కన వంత. నానేటంటానంటే, కథా పాటా వాయిద్యం కలిపి సెప్పడం మనకి కొత్తేటి కాదు కదా. మద్దిన తంబూరా పట్టుకుని కథకుడు, యేళ్లకి అందెలు, రెండు పక్కలా గుమ్మెట్లతో వంతలు. ఒక వంత నవ్విస్తాడు, ఇంకో వంత లోకం సంగతులు సెబుతాడు. కథకుడు ఊపిరి తీసుకునేటప్పుడు వంతలు అందుకుంటారు. మరి ఈ తోడేలు కథని అలాగే ఎందుకు కట్టకూడదు? విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు గారు ఒక్కరే కథ చెప్పి, పాడి, ఆడి, తాళం వేసీవోరు. ఆ గాలి పీల్చిన నేల మనది. బొమ్మలాగ కుర్సీలో కూకుని కాయితం చదివితే పిల్లలు ఎందుకు ఇంటారు?

వాయులీనం (ఎంవీపీ కాలనీ) | జూన్ 3, రాత్రి 9:18

గుమ్మెట అన్నయ్యా, మీరు రాసింది చదువుతుంటే మా చిన్నప్పుడు రామకోవెల ముందు విన్న హరికథలు గుర్తొచ్చాయి. ఒక మాట మాత్రం మీతో ఒప్పుకోలేను, కోప్పడకండి.

హరికథలో, బుర్రకథలో వాయిద్యం కథకుడి వెంట నడుస్తుంది. దాసుగారు ఆగితే మృదంగం ఆగుతుంది, ఆయన ఉరికితే అదీ ఉరుకుతుంది. ప్రొకోఫియెవ్ దాన్ని తిరగేశారు. ఇందులో కథకుడు వాద్యాల వెంట నడవాలి. ఒక వాక్యం చెప్పి, పక్కకి తప్పుకుని, తనూ వినాలి. పిట్టా బాతూ పోట్లాడుకునే చోట కథకుడు ‘పోట్లాడుకున్నాయి’ అని ఊరుకుంటాడు. ఎవరు ఎవరిని ఎంత తిట్టారో ఫ్లూటూ ఓబోవే చెప్పాలి. అక్కడ వంతలు అందుకుంటే ఆ తగువు మనకి వినపడదు.

అసలు ఈ రచన ఉన్నదే వాద్యాన్ని గుర్తుపట్టడం నేర్పడానికి. ప్రదర్శనకి ముందు ఒక్కో వాద్యాన్నీ పిల్లలకి చూపించి, దాని బాణీ వినిపించమని ఆయనే రాసిపెట్టారు.

గుమ్మెట (శ్రీకాకుళం వైపు) | జూన్ 3, రాత్రి 9:50

కోపమేటి అమ్మా. నువ్వు సెప్పింది అర్థమయింది. ఇవాళ ఫోన్లో పెట్టుకుని ఇన్నాను. ఆ పిట్ట, బాతు తగువు దగ్గర నిజంగానే నోరు మూసుకోవాలి. కానీ పిల్లలు ఊఁ కొట్టడానికి ఒక కథ ఉండాలి. అది ఇంకోటి కడదాం. ఆలోచించి సెబుతాను.

ఇద్దరుపిల్లలతల్లి (సీతమ్మధార) | జూన్ 4, ఉదయం 11:05

నాదొక సందేహం. మా వాడికి ఆరేళ్లు. ఈ కథలో తోడేలు బాతుని మింగేస్తుంది కదా. వాడు రాత్రి నిద్రపోడు. ఆ ముక్క మార్చకూడదా? బాతు చెరువులోకి పారిపోయిందని చెప్పకూడదా?

పుస్తకాలపురుగు | జూన్ 4, ఉదయం 11:40

మార్చకండి, దయచేసి. బాతు పారిపోతే చివర్లో సంగీతానికి అర్థం లేదు. తోడేలుని జంతుప్రదర్శనశాలకి ఊరేగింపుగా తీసుకెళ్తుంటే, జాగ్రత్తగా వింటే దాని కడుపులోంచి బాతు అరుపు వినిపిస్తుంది. తొందరలో నమలకుండా మింగేసింది గనక బాతు బతికే ఉంది. మెల్లగా ఓబో, మొదట్లో విన్న అదే బాణీ. చావు ఉంది, దాని వెనకే ఆ గొంతు కూడా ఉంది. ఏడు చేపల కథా, పంచతంత్రమూ విని పెరిగిన పిల్లలకి మింగడాలూ కుట్టడాలూ కొత్త కాదు.

ఫ్రెంచ్ స్వరకర్త పూలెంక్ రాసిన ఏనుగుపిల్ల కథ ‘బబార్’ ఇంకా కష్టం. అందులో మొదటి పేజీల్లోనే వేటగాడు ఏనుగుపిల్ల తల్లిని కాల్చేస్తాడు. 1940లో బంధువుల పిల్ల ఒకతి ఆ బొమ్మల పుస్తకం తెచ్చి పియానో మీద పెట్టి వాయించమంటే ఆయన మొదలుపెట్టారంటారు. పూర్తయ్యేసరికి 1945. మాట, పియానో, అంతే. 1962లో జాఁ ఫ్రాఁసే దాన్ని ఆర్కెస్ట్రాకి రాశారు. నాకైతే పియానో ప్రతే ఇష్టం. తల్లి చనిపోయిన చోట ఒక్క పియానో చాలు.

చట్టంచెల్లి | జూన్ 4, సాయంత్రం 6:20

హక్కుల గురించి ఎవరూ అడగలేదు గానీ చెప్పేస్తాను, తర్వాత ఇబ్బంది పడకూడదని. మన దేశంలో రచయిత పోయిన తర్వాతి సంవత్సరం మొదలు నుంచి 60 ఏళ్లు హక్కులుంటాయి. ప్రొకోఫియెవ్ 1953 మార్చి 5న పోయారు (స్టాలిన్ పోయిన రోజే). అంటే 2013 చివరితో ఇక్కడ ఆయన హక్కులు తీరిపోయాయి. సంగీతం, ఆయన రాసిన రష్యన్ కథ, రెండూ. కథ మీరే తెలుగులో కొత్తగా రాసుకుంటున్నారు కాబట్టి ఇబ్బంది లేదు. ఇంగ్లీషు అనువాదం ఎవరిదైనా తీసుకుని దాన్ని యథాతథంగా తెలుగు చేస్తే ఆ అనువాదకుడి హక్కు వేరే ఉండొచ్చు, చూసుకోండి.

పూలెంక్ 1963లో పోయారు, 2024 నుంచి ఆయనవి కూడా ఇక్కడ స్వేచ్ఛగా వాయించుకోవచ్చు. కానీ ఫ్రాఁసే 1997 దాకా ఉన్నారు, ఆర్కెస్ట్రా ప్రతికి హక్కులు ఇంకా ఉన్నాయి. పియానో ప్రతి వాయించండి. ఇంకో జాగ్రత్త: వీడియో తీసి ప్రపంచమంతటికీ పెట్టాలనుకుంటే అమెరికాలో ‘పీటర్’కి ఇంకా హక్కులు నడుస్తున్నాయి.

బేండుమేళం (గాజువాక) | జూన్ 5, రాత్రి 11:30

పెళ్లి డ్యూటీ నుంచి ఇప్పుడే వచ్చాను. క్లారినెట్ నాది, మా అన్నయ్యది యూఫోనియం (లావు గొంతున్న ఇత్తడి వాద్యం). క్లారినెట్ పార్టు (నేను వాయించాల్సిన స్వరాల కాగితం) పంపారు కదా, చూశాను. అది A శ్రుతి క్లారినెట్‌కి రాసింది. మా దగ్గర ఉండేది B ఫ్లాట్ శ్రుతిది. అర స్వరం దించి మొత్తం మళ్లీ రాసుకున్నాను, రెండు రాత్రులు పట్టింది. పిల్లి నడక కింది స్థాయిలో, చిన్న చిన్న చుక్కలుగా వస్తుంది. పెళ్లి ఊరేగింపులో మేం ఎప్పుడూ పైస్థాయిలో గట్టిగా వాయించాలి, డీజే మీద వినపడాలి కదా. ఇంత నెమ్మదిగా ఊది ఎన్నేళ్లయిందో. పక్క గదిలో మా పాప నిద్ర లేవలేదు.

బాసూన్ ఊళ్లో ఎవరి దగ్గరుందో వెతకడం కంటే తాతని మా అన్నయ్య యూఫోనియం మీద పెడదాం. గొంతు బాగానే కుదురుతుంది.

వాయులీనం (ఎంవీపీ కాలనీ) | జూన్ 6, ఉదయం 7:10

తమ్ముడూ, రెండు రాత్రులు కూర్చుని పార్టు రాశావంటే ఏమనాలో తెలియట్లేదు. తప్పకుండా రండి ఇద్దరూ.

ఇక్కడ మా పిల్లల సంగతి కూడా చెప్పాలి. పీటర్ బాణీ సి మేజర్‌లో హాయిగా బయల్దేరి ఉన్నట్టుండి E ఫ్లాట్ అనే వేరే స్కేల్‌లోకి జారుతుంది. గేటు తీసుకుని బయటికెళ్లిన పిల్లాడు దారి తప్పి పక్క సందులోకి వెళ్లినట్టు. మా వాళ్ల వేళ్లు సరిగ్గా అక్కడే తడబడుతున్నాయి. ‘తప్పు కాదు, పీటర్ అక్కడ తాత చెప్పిన మాట మరిచిపోయాడు’ అని చెప్పాక వేలు వెనక్కి జరగడం మొదలైంది.

ఓబో ఒక్కటి మిగిలింది. కీబోర్డులో ఓబో శబ్దం ఉంది. పెట్టేద్దామా?

హార్న్‌తాతయ్య (మల్కాపురం) | జూన్ 6, ఉదయం 8:00

కీబోర్డు వద్దమ్మా. మిగతా పార్టులకి సర్దుకుందాం, నా పక్క రెండు హార్న్‌లకి కూడా ఒకరు దొరికారు, ఇంకోదాన్ని ట్రాంబోన్ మనిషి ఒకడు తన వాద్యం మీదే మెల్లగా వాయిస్తాడు. కానీ ఒక పాత్రకి పిల్లలు పెట్టె వైపు చూడాల్సి వస్తే అది పాత్ర కాదు. ఊదే మనిషి బుగ్గలు కనపడాలి.

సన్నాయి (సింహాచలం) | జూన్ 6, సాయంత్రం 4:45

అయ్యా, అమ్మా, నేను సన్నాయి వాయిస్తాను. ఓబోలాగే మాదీ రెండు పలకల రీడే. రెండూ ఒకే వంశం. బాతు బాణీ విన్నాను, నేర్చుకోగలను. కానీ ఒక్క ఇబ్బంది. మా వాయిద్యం గుడి ప్రాకారానికి, వీధికి పుట్టింది. గదిలో ఊదితే వయొలిన్ పిల్లలు ఎవరూ వినపడరు. మెల్లగా ఊదమంటే గొంతు చెడిపోతుంది, శ్రుతి కూడా తప్పుతుంది. ఏం చేద్దామో మీరే చెప్పండి.

వాయులీనం (ఎంవీపీ కాలనీ) | జూన్ 6, సాయంత్రం 5:30

మీరు రండి. దూరం సంగతి చూసుకుందాం.

కథలబండి | జూన్ 14, రాత్రి 9:00

ఏడు చేపల కథ గురించి గుమ్మెట అన్నతో రెండు గంటలు ఫోన్లో మాట్లాడాను. ఇది ఆయన ఆలోచనే, నేను రాసి పెడుతున్నాను.

ఆ కథకి ఉన్నదే ఒక్క ప్రశ్న. చేపా చేపా ఎందుకు ఎండలేదు? గడ్డిమోపు అడ్డొచ్చింది. గడ్డిమోపా ఎందుకు అడ్డొచ్చావు? ఆవు మేయలేదు. ఆవు నుంచి పాలేరు, పాలేరు నుంచి అవ్వ, అవ్వ నుంచి పిల్లాడు, పిల్లాడి నుంచి చీమ. ప్రశ్నకి ఎప్పుడూ రెండే స్వరాలు, పైకి లేచేవి. అది పిల్లలంతా కలిసి అనాలి, వాళ్లే వంతలు. జవాబు మాత్రం ఒక్కోసారి ఒక్కో వాద్యం. చేప వయొలిన్ జారుడు, గడ్డిమోపు కాగితం నలిపిన చప్పుడు, ఆవు యూఫోనియం, పాలేరు క్లారినెట్, అవ్వ హార్న్. పిల్లాడి ఏడుపు సన్నాయి. ఆఖరున చీమ, అన్నిటికంటే చిన్నది: ఒక్క ట్రయాంగిల్ దెబ్బ. అప్పుడు అందరూ ఆగాలి. ‘నా పుట్టలో వేలు పెడితే కుట్టనా?’

పెదజాలారిపేటలో పుట్టిన పిల్లలకి ఎండుచేప ఎలా ఎండుతుందో మనం చెప్పక్కర్లేదు. వాళ్ల ఇళ్ల ముందే ఎండుతుంది. మొదటి ప్రదర్శన వాళ్లకి కూడా చెయ్యాలని నా కోరిక.

ఇద్దరుపిల్లలతల్లి (సీతమ్మధార) | జూన్ 15, ఉదయం 10:10

ఏడు చేపలు ఇలా అడిగి అడిగి చెప్పే కథ అని నేనెప్పుడూ ఆలోచించలేదు. మా అత్తగారికి చదివి వినిపిస్తే ఆవిడ వెంటనే రెండు స్వరాల్లో ‘చేపా చేపా’ అని పాడి చూపించారు. వాళ్ల ఊళ్లో అలాగే పాడేవారట. మీకు రికార్డు చేసి పంపుతాను.

వాయులీనం (ఎంవీపీ కాలనీ) | జూలై 5, రాత్రి 8:15

కబురు మంచిది కాదు. రేపటికి మాట్లాడుకున్న హాలు వాళ్లు ఈ మధ్యాహ్నం ఫోన్ చేసి ఇంకెవరికో ఇచ్చేశామన్నారు. అడ్వాన్సు తిరిగిచ్చారు గానీ నలభై మంది పిల్లలకి చెప్పేశాం. ఏడుపొచ్చింది. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ‘మేడమ్, సెల్లార్ ఖాళీ చేయిస్తాను’ అన్నాడు. ఇప్పుడు స్కూటర్లన్నీ బయటికి తోస్తున్నాం. చాపలు ఉన్నవాళ్లు తీసుకురండి. వానొస్తే ర్యాంపు మీంచి నీళ్లు దిగుతాయి, ఇసక బస్తాలు రెండు ఉన్నాయి.

రేపు సాయంత్రం 5 గంటలకి. అందరూ రండి.

బేండుమేళం (గాజువాక) | జూలై 5, రాత్రి 8:40

అక్కా, ఊరేగింపు లైట్లు మా దగ్గర ఉన్నాయి. నాలుగు తెస్తాను.

వాయులీనం (ఎంవీపీ కాలనీ) | జూలై 7, ఉదయం 6:30

నిన్న జరిగింది రాయాలి, మర్చిపోకముందే.

సెల్లార్ కప్పు తక్కువ ఎత్తు. అన్ని స్తంభాల మధ్యా శబ్దం తిరుగుతుంది. వయొలిన్‌లకి అది మంచిదే అయింది, పదకొండు మంది ముప్పై మందిలా వినిపించారు. కార్యక్రమానికి ముందు ఒక్కో వాద్యాన్నీ పిల్లల మధ్యకి తీసుకెళ్లాం. హార్న్‌తాతయ్య గారు చాప మీద కూర్చున్నారు. హార్న్ బెల్లులో ఒక్కొక్కరి చేత చెయ్యి పెట్టించి, చెయ్యి మూసినప్పుడు గొంతు ఎలా మారుతుందో వినిపించారు. ఆ వరసే ఇరవై నిమిషాలు పట్టింది. ఎవరూ తొందర పెట్టలేదు.

కథలబండి గారి గొంతు నేను మర్చిపోలేను. ఎక్కువ మాట్లాడలేదు ఆయన. ‘బయటికొచ్చేసింది...’ అని ఆగారు. ఆగి, హార్న్‌ల వైపు చూశారు. వాళ్లు ముగ్గురూ ఊపిరి తీసుకోవడం వినపడింది. అప్పుడు ‘తోడేలు’. ముందు వరసలో పిల్లలు ఒకరి మీదకి ఒకరు జరిగారు.

మా వాళ్లు E ఫ్లాట్ దగ్గర ఒకసారి తడబడ్డారు, రెండోసారి తడబడలేదు. పిల్లి గురించి ఏం రాయను, గాజువాక తమ్ముడు వాయించినంతసేపూ ఒక చిన్నపిల్ల నేల మీద మోచేతులు ఆనించి పాకుతూనే ఉంది. సాట్స్ గారి కథ పుస్తకాలపురుగు గారే లేచి చెప్పారు, పెద్దవాళ్లు కళ్లు తుడుచుకున్నారు.

సన్నాయి ఎక్కడ పెట్టామో చెప్పాలి. లోపల ఊదితే నిజంగానే ఎవరూ వినపడలేదు. అందుకని లిఫ్టు పక్కన మెట్ల దగ్గర నిలబెట్టాం. అక్కడ ఒక ఇనప తలుపు ఉంది. తలుపు బార్లా తీస్తే బాతు చెరువులో ఉన్నట్టు, కొంచెం దూరంగా, చక్కగా వినిపించింది. తోడేలు మింగగానే వాచ్‌మన్ ఆ తలుపు మూసేశాడు. చివర్లో ఊరేగింపు అయిపోయి, కథలబండి గారు ‘జాగ్రత్తగా వినండి’ అన్నారు. మూసిన ఇనప తలుపు వెనకనుంచి, సన్నగా, సన్నాయి.

నలభై తలలు ఒక్కసారి అటు తిరిగాయి. ఇలా కుదురుతుందని మేమెవరం అనుకోలేదు.

గుమ్మెట (శ్రీకాకుళం వైపు) | జూలై 7, ఉదయం 8:10

నాను కూడా అక్కడే ఉన్నాను. నోరు మూసుకునే ఇన్నాను అమ్మా, నువ్వు సెప్పినట్టే. ఏడు చేపలకి మాత్రం ఊరుకోను. వచ్చే ఆదివారం మా గుమ్మెట్లు కూడా తెస్తాను.

సన్నాయి (సింహాచలం) | జూలై 7, రాత్రి 9:35

అందరూ రాశారు, నాకు కనపడింది కూడా రాస్తాను. నాకు లోపల ఏం జరుగుతోందో కనపడలేదు, మెట్ల మీద చీకటి. ఆఖరి బాణీ ఊదుతుండగా తలుపు కిర్రుమంది. ఆరేళ్ల బాబు ఒకడు రెండు చేతులతో లాగుతున్నాడు. సగం తెరుచుకుంది. నన్నూ సన్నాయినీ మార్చి మార్చి చూసి, ‘బాతు నువ్వేనా?’ అని అడిగాడు. అవునన్నాను. ‘ఇంక బయటికి వచ్చెయ్యి’ అని నా పంచె కొంగు పట్టుకుని లోపలికి తీసుకెళ్లాడు.